నలభై ఒకటో నమూనా

డైరెక్టర్ గారికి నమస్కారాలండి.

తామర ఫంగస్‌కు పాత మందు పనిచేయడం లేదని నేను రాసిన పేపరు తిప్పి పంపారు. మందులో లోపం లేదు, నాట్లు వేసే ఆడకూలీలకే శుభ్రత లేదని మారిస్తే సంతకం పెడతానన్నారు.

నమూనాల కోసం నరసాపురం చేలల్లో వాళ్లతో వారం రోజులు నాట్లు వేశాను. చీర మీద తొడుక్కోవడానికి నాకు మగవాళ్ల చొక్కా లేకపోతే ఆ కూలీల్లో సువార్తమ్మ తనది ఇచ్చింది. "దురద అంటుకుద్దేమోనండి మేడంగారూ" అని ముందే చెప్పింది. అంటుకుంది. నాలుగు నెలలుగా ఆ మందే వాడుతున్నాను, తగ్గలేదు.

పదకొండేళ్ల పరిశోధనలో ఇంత గట్టి రుజువు నాకు దొరకలేదు. ఒక్క అక్షరం కూడా మార్చను. పేపర్లోని నలభై ఒకటో నమూనా నా మెడ మీద గీకి తీసిందే. కావాలంటే నాకు శుభ్రత లేదని మీరే రాసి సంతకం పెట్టండి.

ఇట్లు,
రెండు పూటలా స్నానం చేసే మీ సైంటిస్టు