వంపు దగ్గర హారన్

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. వంతెన మీద రైలు హారన్‌కి వదినకు నిద్ర లేకుండా పోయిందని, కనీసం నేను నడిపే బండైనా మీ ఇంటి పక్కన చప్పుడు చేయకుండా పోవాలని రాశావు. ఆరేళ్లకు చెల్లెలు గుర్తొచ్చింది, సంతోషం.

కుదరదు అన్నయ్యా. మీ ఇంటి పక్క వంపులో ముందున్న పట్టాలు కనబడవు కాబట్టి అక్కడ హారన్ కొట్టి తీరాలి. మా లైను మొత్తంలో అలాంటి వంపు అదొక్కటే. అదెలా వచ్చిందో నీకు నేను చెప్పాలా? మొదటి ప్లానులో వంతెన తిన్నగా నీ ఇంటి మీదుగా పోయేది. ప్లానింగ్ ఆఫీసులో గీత గీసే కుర్చీలో నువ్వున్నావు. గీత నీ ఇంటిని చుట్టి వచ్చి నా టైలరింగ్ షాపు మీద పడింది. అభ్యంతరాలు వినే రోజు నేను లేచి అడిగితే, మైకు పట్టుకుని "అంతా రూలు ప్రకారమే జరిగిందండి, మీరు కూర్చోండి" అన్నావు. తోడబుట్టినదాన్ని, అంతమందిలో, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు.

ఆ రోజు కూర్చున్నాను. షాపులు పోయినవాళ్లకు రైళ్లలో ఉద్యోగాలిస్తామన్నారు. అందరూ టికెట్ కౌంటరు అడిగారు. నేను బండి నడుపుతానన్నాను. రెండుసార్లు పరీక్ష తప్పాను, మూడోసారి గట్టెక్కాను. మీ కిటికీ పక్కన మొదటిసారి హారన్ కొట్టినప్పుడు నా కడుపు చల్లబడింది.

సోమవారం నుంచి తెల్లవారుజాము బండి కూడా నాదే. అందరూ వద్దనుకునే డ్యూటీ అది, నేను అడిగి మరీ వేయించుకున్నాను. వదినకు నా నమస్కారాలు చెప్పు. నువ్వు మరిచిపోయినా ఫర్వాలేదు, ఐదూ పదికి నేనే చెబుతాను.

నీ చెల్లెలు