తాళం లేని బండి

ఫిబ్రవరి 26
కొత్త స్కూటర్ వచ్చింది. తాళం పెట్టే చోటే లేదు. కీ మన దగ్గరుంటే చాలట, దాని సిగ్నల్ అందుకుని స్టార్ట్ అవుతుంది. పాత బండికి ప్లగ్ తుడవడం, కార్బురేటర్ కడగడం అన్నీ నేనే. నాన్న బొగ్గుగని వర్క్‌షాప్‌లో ఫిట్టర్, నేర్పింది ఆయనే. దీని మూత విప్పితే అన్నీ వైర్లే.

మార్చి 3
చర్ల నుంచి అంగన్‌వాడీకి గుడ్లు తీసుకెళ్తూ, వాగు దాటాక టేకు ప్లాంటేషన్ మలుపులో ట్రేలు సరిచేద్దామని ఆపాను. మళ్లీ స్టార్ట్ కాలేదు. కీ లేదని మీటర్ చూపిస్తోంది. కీ నా చేతిలోనే ఉంది. ఫ్యూజులు చూశాను. కీలో సెల్ మార్చాను. పిట్టల అరుపు కూడా లేదు. గాలిలో దోమల క్రీము వాసన. నేను రాసుకోలేదు.
కాసేపటికి మామూలుగా స్టార్ట్ అయింది.

మార్చి 5
భద్రాచలం షోరూమ్. ల్యాప్‌టాప్ పెట్టి చూశారు. ఏ లోపమూ లేదన్నారు.

మార్చి 10
మళ్లీ అదే మలుపు. అదే వాసన.
గూడెంలో అంగన్‌వాడీ టీచర్ వనజకు చెప్పాను. ఆమె గొంతు తగ్గించింది.
"బండికేం కాలేదు లిదియక్కా. తుపాకులోళ్లు అడవిల తిరిగేటప్పుడు ఒక డబ్బా వీపున ఏసుకుంటరు. దారిల పాతిన బాంబులు పేలకుండ సిగ్నల్ ఆపే డబ్బా. నీ బండి ఆగిందంటే, ఆ క్రీము వాసనొచ్చిందంటే, వాళ్లు పక్కనే ఉన్నట్టు."

మార్చి 17
ఇప్పుడు వెళ్లగానే వనజ మొదట అడిగేది అదే. మలుపులో ఆపి చూశావా, స్టార్ట్ అయిందా అని. అయిందంటేనే ఆమె భర్త తుల్సీరాం ఇప్పపువ్వు ఏరడానికి బయలుదేరతాడు.

మార్చి 22
చర్చి నుంచి వచ్చి బండి విప్పాను. అక్కడ ఒంటరిగా చిక్కుకోవడం ఇక నా వల్ల కాదు. కీని కనిపెట్టే పెట్టెను తప్పించి, మామూలు తాళం స్విచ్ కలిపాను. సాయంత్రానికి స్టార్ట్ అయింది. నాన్న ఉంటే సంతోషపడేవాడు.

మార్చి 24
మలుపులో అలవాటుగా ఆపాను. వెంటనే స్టార్ట్ అయింది. వనజ అడిగితే అయిందన్నాను. స్విచ్ మార్చిన సంగతి చెప్పాలని తోచనే లేదు. తుల్సీరాం గంప ఎత్తుకుని వెళ్లాడు.
తిరిగి వస్తుంటే ఆ వాసన. వెనక్కి వెళ్లాను. అతను అప్పటికే అడవిలోకి దిగిపోయాడు.

మార్చి 25
రాలేదు.

మార్చి 26
వచ్చాడు. దారి చూపమని తీసుకెళ్లారట. కొట్టలేదట. దారి ఖాళీగా ఉందని ఎవరు చెప్పారని మాత్రం మళ్లీ మళ్లీ అడిగారట.
"నీ పేరు చెప్పిన అక్కా," అన్నాడు, తల ఎత్తకుండా.
వనజ గుడ్లు దింపుకుంది.
ఇంటికొచ్చి స్విచ్ పీకేశాను. వైర్లన్నీ పాతవాటిలాగే కలిపాను. బండి బాగానే స్టార్ట్ అయింది.

మార్చి 28, పొద్దున
బండి మా వాకిట్లోనే ఉంది. కీ చేతిలో ఉంది. కీ లేదని మీటర్ చూపిస్తోంది.