బిషప్‌గారూ, నల్లచుక్కల చేపలూ

1974 మే 6
రేవులో మళ్ళీ నల్లచుక్కల కాడ్ చేపలు. ఒంటినిండా మిరియాలు చల్లినట్టు. మత్స్యకారుల సొసైటీ కొననంటోంది. ఇంకేం రుజువు కావాలి? ఇదంతా చేపనూనె ఫ్యాక్టరీ మురుగే! ఉత్తర నార్వే నోరు మూసుకుని పడుంటుందనుకున్నారు. కరపత్రం వేశాను: మన సముద్రానికి మశూచి.

మే 8
ఐలిఫ్ మామ వలలు బాగుచేసుకుంటూనే చదివాడు. ఏమే పిల్లా, నీ స్టెన్సిల్ నిండా సిరా చుక్కలే, కరపత్రానికీ ఆ రోగమే తగిలిందా అన్నాడు. పెట్టుబడిదారుల తొత్తు అని మొహం మీదే అనేశాను. నవ్వాడు. ఒళ్ళు మండింది.

మే 14
మత్స్యశాఖ పుస్తకం పోస్టులో వచ్చింది. ఫ్యాక్టరీకి ఇంకో మేకు కొడదామని తెప్పించాను. మేకు నాకే దిగింది.
ఆ నల్లచుక్క విషం కాదు, చదునైన పురుగుపిల్ల. గుడ్లు సీగల్ పక్షి రెట్టలో. పెరగడం ఒడ్డు నత్తలో. అక్కణ్ణించి చేప చర్మంలోకి. చేప దాని చుట్టూ నల్లరంగు కడుతుంది. ఆ చేపని సీగల్ తింటుంది. మళ్ళీ మొదలు. తొక్క తీసి వండుకుంటే మనిషికి ఏమీ కాదు.
ఏడవాలో మెచ్చుకోవాలో తెలియలేదు. ఎంత చక్కగా నడిచే సంస్థ! యజమాని లేడు.

మే 15
అబద్ధం మీద విప్లవం నిలవదు. రెండో కరపత్రం: పొరబడ్డాను. కారణం సీగల్.

మే 18
ఘోరం. ఈసారి అందరూ నమ్మారు. రేవులో సీగల్స్‌ని కాల్చిపారేయాలట. రేపు ప్రార్థన అయ్యాక మీటింగు.
అమ్మమ్మ నాతో మాట్లాడటం లేదు. నేను బడికి వెళ్ళకముందు నుంచీ మా వంటింటి గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడే సీగల్ ఒకటుంది. పేరు బిషప్‌గారు. అమ్మమ్మ వాడితోనే చెబుతోంది, నీ చావు మా ఇంటి కాగితంలోనే రాసుంది నాయనా అని.

మే 19, మధ్యాహ్నం
కాల్చేద్దామంటే అందరూ చేతులెత్తారు. లేచి అరిచాను. ముందు ఎవరి పక్షిని? ఐలిఫ్ మామా, మీ రోసాతో మొదలెడదామా?
రోసా జోలికొస్తే నీళ్ళలోకి తోసేస్తా, అది నా చేతిలో తినే పిల్ల, కాలిస్తే మాగ్నార్ ఇంటి దొంగముండని కాల్చండి అన్నాడు. మాగ్నార్ భార్య లేచింది. మాది దొంగదా, మరి మీ రోసా మా కిటికీకి కొట్టిన సున్నం ఎవరు కడిగారయ్యా అని.
ఇంటికో పక్షి, పక్షికో పేరు. అందరూ పక్కింటిదాన్నే కాల్చమన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేదు నవ్వులు.
చివరికి నా తీర్మానమే గెలిచింది. చుక్కల తొక్కలు పక్షులకి వెయ్యకూడదు, పాతిపెట్టాలి. తొక్క తీసిస్తే సొసైటీ కొంటుందట. ఏకగ్రీవం!

మే 20
అమ్మమ్మ కాడ్ వేయించింది. ఉప్పు సరిపోయిందా అని అడిగింది కూడా. తర్వాత తొక్కలు నా చేతికిచ్చి, పాతెయ్యవే నాయకురాలా అంది.
గుమ్మంలో బిషప్‌గారు. ఒంటికాలి మీద.
వాడికే వేశాను.