నీ ఎర్రల గుంత సంగతి

బాలమ్మక్కా,

నేను సుగుణను, నీ తోటికోడలిని. నువ్వు పోయి ఏడాది దాటింది. బాగున్నవా అని అడగాలె గానీ అడగబుద్ధి అయితలేదు. కోపంగా ఉన్నది. నీ మీద కూడా.

జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే ఎవరికీ చెప్పకుండ ఎరువు గుంతకు నీళ్లు చల్లుకుంట తిరిగినవు. నేను పసిగట్టి దవాఖానకు పోదామంటే రేపు, ఎల్లుండి అన్నవు. నీ ఎర్రలకు, ఆ పిడికెడు వానపాములకు, ఎండ తగలొద్దని తడి గోనెలు కప్పినవు... నీ ఒంటి వేడి నీకు తెల్వలేదా అక్కా?

సరే, తర్వాత జరిగింది చెప్త.

చేవెళ్లల ట్రైనింగ్ తీసుకొని వచ్చి మన ఎంకపల్లి ఆడోళ్లందరికీ ఎర్రల ఎరువు చేసుడు నేర్పినవు గదా. మార్కెట్ల పారబోసిన టమాటలు, కొత్తిమీర కాడలు, ఎండిన ఆకు, ఆరిన పెండ. మేమేమో తొందరపడి పచ్చి పెండ వేసినం. తెల్లారి చూస్తే ఆ వేడికి ఎర్రలన్నీ చచ్చి పడి ఉన్నయి. నువ్వు తిట్టలేదు. "ఏసే ముందుగాల చెయ్యి వెట్టి సూడుండ్రే. మీ చెయ్యి కాలితే దాని పానం కాల్తది" అన్నవు. ఇప్పటికీ మేము చెయ్యి పెట్టి చూడకుండ తట్ట వంచం.

నువ్వు పోయినంక, గుంత పక్క చెలక కొన్న సాఫ్ట్‌వేర్ సారు గోడ కట్టి ఫామ్‌హౌస్ లేపిండు. శనివారం వచ్చిందంటే గండిపేట దిక్కు నుంచి కార్లే కార్లు. పాటలు, బిర్యానీలు. ఆదివారం పొద్దున ఆయన పనోళ్లు ఎంగిలి విస్తర్లన్నీ గోడ మీద నుంచి మన గుంతల పడేసేటోళ్లు. ఇదేందని అడిగితే, ఎరువు చేసుకునేటోళ్లకు దానం చేసినట్టు నవ్విండ్రు.

నూనె, మసాలా, ఉప్పు, పిండిన నిమ్మకాయలు... నువ్వేమనేదానివి? "ఎర్ర తోలుతోటే ఊపిరి తీస్తది. ఉప్పు తగిలిందా, అయిపాయె." నేను ఏరినకాడికి ఏరిన. ఎంతని ఏరుదు? బతికినయి అంచులు పట్టుకొని పైకి పాకినయి. లోపల కుళ్లి కంపు లేచింది. నీ చేతి కింద ఆ గుంత ఎన్నడన్న కంపు కొట్టిందా? వాన పడ్డ మట్టి వాసన గదా వచ్చేది!

ఆ కంపు మీద ఎవరు ఫిర్యాదు చేసిండ్రనుకున్నవ్? ఆ సారే. ఈగలొస్తున్నయట, చుట్టాలు ముక్కు మూసుకుంటున్నరట.

పంచాయతీ వాళ్లు వచ్చిండ్రు. నీ దశదినానికి 'ఆదర్శ మహిళ' అని ఫ్లెక్సీ కొట్టించి గుంత కంచెకు కట్టింది వాళ్లే. ఆ ఫ్లెక్సీ కిందనే నిలబడి, నీ బొమ్మ చూసుకుంటనే, గుంత తీసెయ్యాలని చెప్పిండ్రు. నాకు ఒళ్లు మండింది. ఎంగిలి విస్తర్లన్నీ తట్టకెత్తుకొని పోయి పంచాయతీ ఆఫీసుల కుమ్మరించిన. గచ్చు మీద నూనె కారింది. నా వెనక వచ్చిన ఆడోళ్లు కూడా ఒక్కరు నోరు తెరవలేదు. అందరూ ఆడ కూసున్న మీ ఆయన దిక్కు చూసిండ్రు.

ఆ జాగ బావదే గదా. సారు కార్లు పెట్టుకునేటందుకు దాన్ని అమ్మేసిండట. నాకప్పుడే తెలిసింది. సిగ్గు లేదా అక్కా ఆయనకు? ఊరందరికీ నేర్పినవు, ఇంట్లో మనిషికి నేర్పలేకపోయినవా?

జేసీబీ వచ్చే పొద్దున ఆడోళ్లందరూ వచ్చిండ్రు. పగిలిన కుండలు, బకెట్లు. ఒక ముసలవ్వయితే కొంగులనే ఎర్రలను మూట కట్టుకుంది. పంచాయతీల ఏమైంది మీ నోరు అని అందరినీ నోటికొచ్చినట్టు తిట్టిన. తలకాయలు వంచుకొని ఎర్రలను తోడుకున్నరు. ఇప్పుడు ప్రతి ఇంటి పెరట్ల నీ ఎర్రలున్నయి. మా పెరట్ల ఎర్రల తొట్టికి నీ ఫ్లెక్సీనే కప్పు చేసిన. బొమ్మ లోపలికి పెట్టిన. ఊరిని చూసుకుంట నువ్వేం చేస్తవు గానీ, వాటిని చూసుకో.

దీపావళి కూడా అయిపోయింది. నువ్వైతే గడపకంటే ముందు పెంట మీద దీపం పెట్టేదానివి. "లచ్చిమి ఆడ కూసుండి లేసినంకనే ఇంట్లకొస్తది" అనేదానివి. ఈసారి పొద్దు గూకంగ బావ దీపం పట్టుకొని బయటికొచ్చిండు. అలవాటుగ గుంత దిక్కు నడిచిండు. ఆడ ఇప్పుడు సిమెంటు బిళ్లలు, వాటి మీద కార్లు. దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకొని అట్లనే నిలబడ్డడు. నేను చూసి కూడా పిలవలేదు. నిలబడనీ అనుకున్న.

చాలాసేపటికి మా పెరట్లకొచ్చిండు. తొట్టి పక్కన ఆరబోసిన పెండ కుప్ప ముందు కూసున్నడు. దీపం కింద పెట్టి, ముందు అరచెయ్యి కుప్పల పెట్టి చూసిండు... వేడిగ ఉన్నదా లేదా అని. అప్పుడు దీపం ఎత్తి దాని మీద పెట్టిండు.

అంటే నేర్పినవన్నమాట.

నాకు ఏడుపొచ్చింది. దాని వెనకనే కోపం రెండింతలైంది. తెల్వక అమ్మినోడైతే ఏదో పోనీ అనుకుందును. ఈయన తెలిసి అమ్మిండు అక్కా!

నీ ఎర్రలకు నాది పూచీ. నేనున్నన్ని రోజులు ఉప్పు తగలనియ్య. బావను మాత్రం క్షమించ. నువ్వు కూడా క్షమించే ముందు జర ఆగు, తొందరపడకు.

నీ చెల్లె,
సుగుణ