సెల్లారులోకి వదిలిన ఎనిమిది వంటిళ్ల ఘాటు

తేది: 18-4-1988

మునిసిపల్ కమీషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎనిమిది వంటిళ్ల గాలిని నాలుగు పక్కలా గోడలున్న స్కూటర్ల సెల్లారులోకి వదులుట - అందులో ఒక కాపురముండుట - నివారణ కోరుట - ఇది మూడో అర్జీ.

1. మా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో ఎనిమిది ఇళ్లు కలవు. అన్ని వంటిళ్ల ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ మధ్యనున్న ఒకే గొట్టంలోకి గాలి నెట్టును. డాబాపైన తెరుచుకోవలసిన ఆ గొట్టం అడుగున సెల్లారులో తెరుచుకొనుచున్నది. సెల్లారుకు కిటికీ లేదు. స్కూటర్లు పోతున్నాయని ఉన్న ఒక్క దారికీ షట్టరు బిగించిరి. లోపల ఒక మూల వాచ్‌మన్ బుడాన్, అతని భార్య మౌలాబీ, వారి నాలుగు నెలల పిల్ల నివసించుచున్నారు.

2. ఫిబ్రవరిలో ఇచ్చిన మొదటి అర్జీపై తమ ఇన్‌స్పెక్టరు గారు మధ్యాహ్నం మూడింటికి దయచేసిరి. ఆ వేళకు ఎవరి పొయ్యీ వెలగదు. ముక్కు ఎగబీల్చి, వాసనేమీ లేదని తేల్చి, రెండో అంతస్తులో కాఫీ పుచ్చుకుని వెళ్లిరి. రెండో అర్జీకి మార్చిలో జవాబు వచ్చినది. పొగ అయితే చర్య తీసుకొందురట, ఘాటు నిబంధనలలో లేదట. ఆ నిబంధనలు రాసిన మహానుభావుడు ఈ జిల్లాలో ఏనాడూ అన్నం తిని ఉండడు.

3. ఏప్రిల్‌లో మనవైపు ఇంటింటా ఏడాదికి సరిపడా కారం కొట్టించడానికి మిరపకాయలు వేయించుదురని తమకు వేరే చెప్పనక్కరలేదు. పదో తేదీ ఆదివారం ఒకే పూట అయిదిళ్లవారు మూకుళ్లు పెట్టిరి. నీళ్ల మోటారు చూడడానికి పోతూ బుడాన్ అలవాటు ప్రకారం షట్టరు దించి బయట తాళం వేసి వెళ్లెను. తిరిగి వచ్చి ఎత్తేసరికి మౌలాబీ పిల్లను చీరచెంగులో చుట్టుకుని షట్టరు పక్కనే పడి ఉన్నది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి మళ్లీ ఆ సెల్లారుకే వచ్చారు. ఇంకెక్కడికి పోతారు? మార్చి జవాబు మీద సంతకం చేసిన పెద్దమనిషిని ఒక్క పూట అందులో కూర్చోబెట్టండి. షట్టరు నేను దించుతాను.

4. గొట్టం పైభాగం ఎందుకు మూసిరని తమ కార్యాలయం ఇంతవరకు అడగలేదు. అడగకపోయినా చెప్పుచున్నాను. మూయించినది నేనే. డాబా మీద నా భార్య కామేశ్వరి మడితో వడియాలు పెట్టుకుంటుంటే, కింది అంతస్తువారి చేపల పులుసు వాసన ఆ గొట్టంలోంచి వచ్చి వడియాలు మైలపడుతున్నాయని ఇంట్లో గొడవ. అసోసియేషన్ సెక్రటరీ హోదాలో మేస్త్రీని పిలిచి పైన పలక వేయించి, అడుగున కన్నం కొట్టించాను. వడియాల గురించి ఆలోచించాను గాని కింద మనుషులున్నారని ఆలోచించలేదు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు గాలి గురించి పాఠం చెప్పినవాణ్ణి. సిగ్గుగా ఉంది. ఇప్పుడు తీయిద్దామంటే మునిసిపాలిటీ ఉత్తరువు లేనిదే పలక తాకనివ్వమని ఏడిళ్లవారూ అడ్డుపడ్డారు. కామేశ్వరి కూడా వాళ్లవైపే.

5. కావున గొట్టాన్ని డాబా మీద మనిషెత్తున లేపి, వాన పడకుండా రేకు కప్పి, అడుగు కన్నం మూసి, సెల్లారు గోడలకు ఎదురెదురుగా జాలీలు పెట్టించునట్లు ఉత్తరువు ఇప్పించవలెను. తనిఖీకి తమరే స్వయంగా ఉదయం పదింటికి దయచేయవలెను. రుమాలు తెచ్చుకొనరాదు.

రెండుసార్లు చిత్తగించవలెనని వేడుకొంటిని. ఈసారి చిత్తగించి తీరవలెను.

ఇంతవరకు తమ విధేయుడు,
వేమూరి శేషాచలం,
రిటైర్డ్ సైన్సు మాస్టారు

తా.క.: కవరు అంటిస్తుండగా మౌలాబీ పిల్లను ఎత్తుకుని నాలుగంతస్తులూ ఎక్కి వచ్చింది. "అయ్యగారూ, పిల్ల ఏడుస్తుంది గానీ గొంతు రావట్లేదండీ" అంది. చూశాను. నోరంతా తెరిచి ఏడుస్తోంది, చప్పుడు లేదు. బుడాన్‌ను కూడా పిలిచి ముగ్గురినీ రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరికి పంపాను. గునపం తీసుకుని డాబా మీదికి పోతున్నాను. ఉత్తరువు లేకుండా కట్టడం పగలగొట్టినందుకు నా మీద కేసు పెట్టండి. దానికైతే మీవాళ్లు పొద్దున్నే వస్తారు.