అడుగున గిన్నె ఉన్న పుట్టగొడుగు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
4 ఆగస్టు 2025

చిరంజీవి బుజ్జిబాబుకు,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ, మీ వదిన పోలమ్మా ఉన్నాం. పలాసలో మీరంతా బాగున్నారని తలుస్తాను. రోజు పద్దు రాసుకోవడం తప్ప ఉత్తరాల అలవాటు లేదు. నువ్వు ఫోనెత్తవు కాబట్టి రాస్తున్నాను.

ఈ నెల పదహారున అమ్మ సంవత్సరీకం. నిరుడు పుట్టగొడుగుల కూర పెట్టి అమ్మను చంపేసిందని ఆస్పత్రి వరండాలో మీ వదినను అన్నావు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనన్నావు. ఆమె బదులు చెప్పలేదు. నాకేమీ తెలియక నేనూ చెప్పలేదు. ఆ తరువాత ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. వండుకుంటున్నాం, తింటున్నాం, డ్యూటీకి వెళ్ళొస్తున్నాను. నాకు ఏడుపు కూడా రాలేదు.

నిన్న ఆదివారం ఆమె నన్ను సాలువా ఊరి అవతల సాల్ చెట్ల అడవికి తీసుకెళ్ళింది. అక్కడ ఊరివాళ్ళు దేవత పేరున నరకకుండా ఉంచిన ముదురు చెట్లున్నాయి. ఏటా వానల్లో అక్కడి సంతాల్ గిరిజన ఆడవాళ్ళతో కలిసి ఆమె పుట్టగొడుగులు ఏరేది అక్కడే. చెట్ల వేళ్ళ దగ్గర మట్టి గోకితే గోళీల్లాంటివి. పడిపోయిన మాను మీద చెవుల్లాంటివి. ఎర్రవి, పసుపువి, నొక్కితే నీలమయ్యేవి. ఇన్ని రకాలుంటాయని నాకు తెలియదు. ఒక్కోదాని పేరు చెబుతూ నడిచింది. ఆమె అంతసేపు మాట్లాడగా విని చాలా రోజులైంది.

ఒకచోట తెల్లవి రెండు చూపించింది. ఒకటి మన ఊళ్ళో అమ్మ ఏరేదే. చెదపుట్ట మీద మొలిచింది, వేరు లోపలికంటా ఉంది. రెండోది పైకి అచ్చం అలాగే ఉంది. పుల్లతో మట్టి తవ్వితే అడుగున చిన్న గిన్నెలాంటి తొడుగు. ఇదేటని అడిగాను. తినకూడనిదంది. అక్కడే కూర్చుంది. ఏడాదిగా దాచిన మాట చెప్పింది.

నువ్వు పదిహేనుకే రా. ఏ బండో చెబితే స్టేషన్‌కి వస్తాను.

నీ అన్నయ్య,
నూకయ్య

తా.క. ఆమె చెప్పింది పైన రాయలేకపోయాను. నిరుడు మా దగ్గరున్నప్పుడు ఒకరోజు అమ్మ కూడా ఆమె వెంట అడవికి వెళ్ళింది. మన ఊరివే అనుకుని ఆ తెల్లవి కొంగులో కట్టుకుంది. ఇంటికొచ్చాక మీ వదిన కుళాయి దగ్గరుండగా తానే వండుకుని తినేసింది. ఆస్పత్రిలో మీ వదిన చెయ్యి పట్టుకుని ఇదంతా చెప్పి, బుజ్జిగాడికి సెప్పకే, ఊరందరికీ ఏరిపెట్టినదాన్ని, నవ్వుతారే అందట. మీ వదిన ఒట్టేసింది. నేను నీకిది రాస్తున్నట్టు ఆమెకు తెలియదు. వచ్చాక ఆ మాట ఎత్తకు. గుమ్మంలోనే మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. తాగు.