కాలికి కట్టిన వాచీ

శాలినీ, చేపల పులుసు పొయ్యి పక్కన ఉంది, వేడి చేసుకో. పెరట్లో బట్టలు తియ్యి. నేను పదిన్నర బస్సుకి గణపవరం, మా చెల్లెలు రత్నం దగ్గరికి వెళ్తున్నాను.

రోజుకి నాలుగు వేల అడుగులు నువ్వు నా చేతికి కట్టిన వాచీలో కనిపిస్తేనే ఒంటరిగా బస్సెక్కనిస్తానన్నావు. వారమంతా దాన్ని చూసి, "అత్తయ్యా, మీరసలు గడప దాటలేదండీ" అన్నావు. రోజూ చర్చి దాకా వెళ్లి వస్తున్నానమ్మా అంటే నమ్మలేదు. కోడలు నా మాట కన్నా వాచీ మాట నమ్మిందని మనసు కష్టపెట్టుకున్నాను.

తప్పు వాచీదే. నిన్న పీట మీద కూర్చుని బియ్యం చెరిగితే తొమ్మిది వందల అడుగులు నడిచానంది. బైబిలు రెండు చేతులా గుండెకు హత్తుకుని నడిస్తే చెయ్యి ఊగదు కదా, ఆ నడక దాని లెక్కలోకే రాలేదు.

ఇవాళ పొద్దున దాన్ని కాలికి కట్టుకున్నాను. నా కాలు సన్నం కాబట్టి పట్టింది. వంద అడుగులకొక చింతపిక్క సంచిలో వేస్తూ చర్చికి వెళ్లి వచ్చాను. పిక్కలు నలభై మూడు. వాచీలో నాలుగు వేల మూడు వందల పన్నెండు. పిక్కలు బల్ల మీద గిన్నెలో ఉన్నాయి, నువ్వే లెక్కపెట్టుకో. నేను గెలిచాను.

వాచీ కాలికే ఉంది. బస్సులో ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మీ మామగారు ఒక్క మాటైనా చెప్పకుండా ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటినుంచి చెప్పకుండా ఎక్కడికీ కదలను. అందుకే ఈ చీటీ. శనివారం సాయంత్రం వస్తాను. స్టాండుకి బండేసుకుని రావద్దు. నడిచే వస్తాను.